బ్యాండిట్ సమీక్ష: పాత ఫోను, రోజుకి ఒకటిన్నర జీబీతో సైబర్ సెక్యూరిటీ మొదలుపెట్టేవాళ్ళకి

సైబర్ సెక్యూరిటీ నేర్చుకోవాలి, ఎక్కడ మొదలెట్టాలి అని అడిగే ఇంటర్, డిగ్రీ, బీటెక్ పిల్లలందరికీ మా జవాబు ఒకటే. ముందు బ్యాండిట్ ఆడండి. పన్నెండో లెవెల్ దాటాక కోర్సులు, సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్ కొనడం గురించి మాట్లాడుకుందాం. అది దాటకుండా వేలకి వేలు ఫీజు కట్టి ఎథికల్ హ్యాకింగ్ కోచింగ్‌లో చేరితే, మొదటి వారంలోనే నల్ల స్క్రీన్ ముందు కూర్చుని సారు కొట్టింది చూసి కొట్టడం తప్ప ఏమీ మిగలదు.

బ్యాండిట్ అనేది ఓవర్‌దవైర్ అనే సంస్థ ఇంటర్నెట్‌లో ఉచితంగా నడిపే ఆట. బొమ్మలుండవు, శబ్దాలుండవు. వాళ్ళ లైనక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్‌లోకి లాగిన్ అవుతారు. అందులో ఎక్కడో తర్వాతి లెవెల్ పాస్‌వర్డ్ దాచి ఉంటుంది. అది పట్టుకుని బయటికొచ్చి, దాంతో తర్వాతి యూజర్‌గా మళ్ళీ లాగిన్ అవ్వాలి. సున్నా నుంచి మొదలై ముప్పై మూడు దాకా వెళ్తుంది. రిజిస్ట్రేషన్ లేదు, ఈమెయిల్ అడగరు, ఓటీపీ రాదు, ప్రకటనలు రావు.

మన జిల్లాల పిల్లలకి ఇది సరిపోవడానికి అసలు కారణం వేరే ఉంది. యూట్యూబ్‌లో ఏ హ్యాకింగ్ వీడియో చూసినా మొదటి మాట హ్యాకింగ్ సాధనాలతో కలిపి వచ్చే కాలీ లైనక్స్ డౌన్‌లోడ్ చేయమని. ఆ ఫైలు మూడు జీబీ పైమాటే. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్‌లో ఉన్నవాడికి డౌన్‌లోడే రెండు మూడు రోజులు. ఆ తర్వాత కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే వర్చువల్‌బాక్స్ వెయ్యాలి, నాలుగు జీబీ ర్యామ్ ఉన్న అన్నయ్య పాత ల్యాప్‌టాప్ దాన్ని మోయలేక ఆగిపోతుంది. బ్యాండిట్‌లో పనంతా వాళ్ళ సర్వర్ మీదే జరుగుతుంది. మన వైపు నుంచి వెళ్ళేది, వచ్చేది అక్షరాలే. గంటసేపు ఆడినా ఒక చిన్న వీడియోకి అయ్యేంత డేటా కూడా కాదు. టవర్ సిగ్నల్ ఒక గీత ఉన్నా నడుస్తుంది. కరెంటు పోయి మధ్యలో తెగిపోయినా నష్టం లేదు, ఎందుకంటే మీరు ఎంతవరకు వచ్చారన్నదానికి ఆధారం చేతిలో ఉన్న ఆఖరి పాస్‌వర్డ్ మాత్రమే. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటు ఎన్నాళ్ళు లేదో గుర్తున్నవాళ్ళకి ఈ మాట విలువ తెలుస్తుంది.

ఫోన్‌లో ఆడాలంటే

ఆండ్రాయిడ్ 7 లేదా ఆపైది ఉంటే చాలు. ఫోన్‌లో లైనక్స్ ఆదేశాలు కొట్టనిచ్చే టెర్మక్స్ అనే యాప్ కావాలి. దాన్ని ప్లే స్టోర్ నుంచి కాకుండా ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల స్టోర్ నుంచి దించుకోండి. రెండిట్లో ఉండే వెర్షన్లు ఒకటి కావు, నెట్‌లో దొరికే సూచనలన్నీ ఎఫ్-డ్రాయిడ్ వెర్షన్‌ని బట్టే ఉంటాయి. యాప్ తెరిచాక ముందు పీకేజీ అప్‌డేట్ (pkg update) ఆదేశం ఇవ్వాలి, తర్వాతే దూరంలో ఉన్న సర్వర్‌లోకి లాగిన్ చేయించే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయాలి. ఆ మొదటిది మానేస్తే ప్యాకేజీ దొరకలేదని ఎర్రర్ రావచ్చు, చాలామంది అక్కడే యాప్ తీసేస్తారు.

ఫోన్ కీబోర్డుతో టైప్ చెయ్యడం నరకమే, కాదనం. టెర్మక్స్ అడుగున ట్యాబ్, కంట్రోల్, ఎస్కేప్ బటన్ల వరస ఒకటి ఉంటుంది, దాన్ని దాచకండి. ట్యాబ్ నొక్కితే ఫైలు పేరు తనంతట తనే పూర్తవుతుంది. ఈ ఒక్క అలవాటుతో సగం శ్రమ తగ్గుతుంది. పాత కంప్యూటర్ కీబోర్డు ఇంట్లో పడుంటే, దాన్ని ఫోన్‌కి తగిలించే ఓటీజీ కనెక్టర్ ఒకటి కొనండి. ఈ ఆట కోసం పెట్టాల్సిన ఖర్చంటూ ఉంటే అదొక్కటే.

విండోస్ 10, 11 ఉన్నవాళ్ళకి అసలేమీ అక్కర్లేదు. పవర్‌షెల్ తెరిస్తే ఎస్‌ఎస్‌హెచ్ అందులోనే ఉంటుంది. మరీ పాత వెర్షన్ అయితే సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ నుంచి పెట్టుకోవాలి.

లాగిన్ ఆదేశంలో మూడు ముక్కలు. ఎస్‌ఎస్‌హెచ్ అన్న మాట, తర్వాత బ్యాండిట్0 యూజర్ పేరుతో సర్వర్ చిరునామా, చివర హైఫన్ పి పెట్టి పోర్టు నంబరు (సర్వర్‌లో ఏ తలుపు తట్టాలో చెప్పే అంకె) 2220. ఈ పి చిన్నది. పెద్ద పి రాస్తే అర్థం మారిపోయి ఎర్రర్ వస్తుంది. పోర్టు నంబరు మర్చిపోతే ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగా వెళ్ళే 22కే వెళ్ళిపోతుంది, ఆట అక్కడ లేదు. మొదటిసారి సర్వర్‌ని నమ్ముతారా అని అడిగినప్పుడు ఒక్క అక్షరం కొడితే ఒప్పుకోదు, యెస్ అని మూడక్షరాలూ కొట్టాలి.

ఇక పాస్‌వర్డ్. కొడుతుంటే స్క్రీన్ మీద ఏమీ కనపడదు, చుక్కలు కూడా రావు. కీబోర్డు పాడైందనుకుని ఫోన్ రీస్టార్ట్ చేసేవాళ్ళకి లెక్కలేదు. అది లైనక్స్ పద్ధతి. కొట్టి ఎంటర్ నొక్కండి, అంతే. సున్నా లెవెల్‌కి పాస్‌వర్డు యూజర్ పేరే. ఆపైన వచ్చే పాస్‌వర్డులన్నీ 32 అక్షరాలవి. వాటిని చూసి టైప్ చేసే సాహసం చెయ్యొద్దు. చిన్న ఎల్, పెద్ద ఐ, ఒకటి అంకె చిన్న స్క్రీన్ మీద ఒకేలా ఉంటాయి. కాపీ చేసేటప్పుడు చివర ఖాళీ స్పేస్ అంటుకుంటే పర్మిషన్ డినైడ్ అంటుంది. పవర్‌షెల్‌లో పేస్ట్‌కి మౌస్ కుడి బటన్, టెర్మక్స్‌లో వేలు నొక్కిపట్టడం. ప్రతి పాస్‌వర్డునీ లెవెల్ నంబరుతో సహా ఫోన్ నోట్స్‌లో దాచుకోండి. ఇక్కడ సేవ్ బటన్ లేదు.

కాలేజీ వైఫైలో లాగిన్ అవ్వకుండా చాలాసేపు ఆగి టైమ్ అవుట్ అని వస్తే తప్పు మీది కాదు. చాలా కాలేజీల ఫైర్‌వాల్ వెబ్‌సైట్ల పోర్టులు తప్ప మిగతావి బయటికి పోనివ్వదు, 2220 ఆ అడ్డుగోడ దగ్గరే ఆగిపోతుంది. మొబైల్ డేటాకి మారండి. బస్సులో వెళ్తూ ఆడితే మాత్రం సెషన్ తెగుతూనే ఉంటుంది. కాసేపు ఊరుకున్నా తెగిపోతుంది. దానికి సర్వర్ అలైవ్ ఇంటర్వెల్ అనే ఆప్షన్ 60 సెకన్లకి పెట్టుకుంటే, మీరు ఆలోచిస్తున్నంతసేపూ లైను నిలబడుతుంది.

మొదటి పన్నెండు లెవెళ్ళు

ఆట రూపొందించినవాళ్ళ తెలివంతా ఇక్కడ ఉంది. ప్రతి లెవెల్ పేజీలోనూ నాలుగు వాక్యాల లక్ష్యం, పనికొచ్చే ఆదేశాల జాబితా ఉంటాయి. పాఠం ఉండదు. ఆ జాబితాలోని పేర్లు పట్టుకుని, ఆదేశం ఎలా వాడాలో చెప్పే మ్యాన్ పేజీ తెరిచి మనమే చదువుకోవాలి. మ్యాన్ పేజీలోంచి బయటికి రావడానికి క్యూ నొక్కాలి, లోపల వెతకడానికి స్లాష్ కొట్టి మాట రాయాలి. ఈ రెండూ మొదట్లోనే తెలుసుకోండి.

సున్నాలో రీడ్‌మీ ఫైలు చదివితే చాలు. ఒకటో లెవెల్‌లోనే మెలిక పెట్టారు. ఫైలు పేరు ఉత్త హైఫన్. ఫైలులో ఏముందో చూపించే క్యాట్ ఆదేశం రాసి హైఫన్ పెడితే స్క్రీన్ కదలదు. హ్యాంగ్ అయిందనుకుంటారు. నిజానికి ఒంటరి హైఫన్ అంటే కీబోర్డు నుంచి చదువు అని క్యాట్‌కి అర్థం, అది మీరు టైప్ చేస్తారని ఎదురుచూస్తోంది. కంట్రోల్ సితో బయటపడి, ముందు చుక్క, స్లాష్ తగిలించి ./- అని రాస్తే అది ఈ ఫోల్డర్‌లోని ఫైలు అని తెలుస్తుంది. తర్వాతివాటిలో పేరులో స్పేసులున్న ఫైలు, చుక్కతో మొదలై కనపడకుండా దాక్కున్న ఫైలు, పది ఫైళ్ళలో మనిషి చదవగలిగేది ఒక్కటే ఉన్న ఫోల్డర్ వస్తాయి. ఒక్కోటీ పది పదిహేను నిమిషాల పని.

ఆరో లెవెల్ నుంచి ఏడుకి వెళ్ళేది మాకు అన్నిటికన్నా నచ్చినది. ఫైలు సర్వర్‌లో ఎక్కడో ఉంటుంది, ఏ ఫోల్డరో చెప్పరు. ఆనవాళ్ళు మూడే ఇస్తారు. దాని యజమాని బ్యాండిట్7, గ్రూపు బ్యాండిట్6, సైజు 33 బైట్లు. ఫైండ్ ఆదేశానికి స్లాష్ ఇచ్చి మొదటినుంచీ వెతకమని, మూడు షరతులూ కలిపి ఇవ్వాలి. సైజు దగ్గర 33 పక్కన చిన్న సి పెట్టకపోతే ఏమీ దొరకదు. సి లేకుండా ఇస్తే ఫైండ్ దాన్ని బైట్లుగా కాదు, 512 బైట్ల బ్లాకులుగా లెక్కపెడుతుంది. అన్నీ సరిగ్గా ఇచ్చినా స్క్రీన్ నిండా పర్మిషన్ డినైడ్ వరసలు దొర్లిపోతాయి, అసలు జవాబు వాటి మధ్య మునిగిపోతుంది. ఆ ఎర్రర్లు రెండో నంబరు దారిలో వస్తాయి కాబట్టి, ఆ రెండుని డెవ్ నల్ అనే చెత్తబుట్టకి మళ్ళిస్తే ఒక్క వరస మిగులుతుంది. ఇంకో చిన్న సంగతి. పాస్‌వర్డు 32 అక్షరాలైతే ఫైలు 33 బైట్లు ఎందుకుంది? చివర లైను మార్చే గుర్తు ఒక బైటు. ఇలాంటివి ఎవరూ చెప్పరు, లెక్క కుదరక మనకే తడుతుంది.

ఎనిమిదోదాంట్లో పెద్ద ఫైలులో ఒకేసారి వచ్చిన వరసని పట్టుకోవాలి. యూనిక్ ఆదేశం నేరుగా ఇస్తే తప్పు జవాబు వస్తుంది, ఎందుకంటే అది పక్కపక్కన ఉన్న వరసలనే పోల్చుకుంటుంది. ముందు సార్ట్ చేసి, పైపు గుర్తుతో దానికి అందించాలి. ఒక ఆదేశం ఫలితాన్ని ఇంకో ఆదేశానికి అందించడం అన్న ఆలోచన ఇక్కడ బుర్రకెక్కితే లైనక్స్ సగం వచ్చినట్టే.

పన్నెండో లెవెల్ దగ్గర చాలామంది ఆగిపోతారు. ఇచ్చిన ఫైలు హెక్స్‌డంప్, అంటే అసలు ఫైలులోని బైట్లని అంకెలు, అక్షరాలుగా రాసి చూపేది. దాన్ని ఎక్స్‌ఎక్స్‌డీ ఆదేశంతో వెనక్కి తిప్పితే జిప్ చేసిన ఫైలు వస్తుంది, దాన్ని విప్పితే లోపల ఇంకో రకం జిప్, దానిలోపల ఫైళ్ళని మూటకట్టే టార్, మళ్ళీ జిప్, ఇలా పొర మీద పొర. హోమ్ ఫోల్డర్‌లో కొత్త ఫైలు రాయడానికి మనకి అనుమతి లేదు కాబట్టి ముందుగా టెంప్ అనే తాత్కాలిక చోట సొంత ఫోల్డర్ తయారుచేసుకుని ఫైలుని అక్కడికి కాపీ చేసుకోవాలి. ఇది చెయ్యకుండా దిగడం చేతికి నూనె రాసుకోకుండా పనసకాయ కొయ్యడమే. ఆ తర్వాత ప్రతి పొర దగ్గరా అదే వరస: ఫైల్ ఆదేశంతో ఇది ఏ రకమో అడగండి, దానికి తగ్గ పొడిగింపుతో పేరు మార్చండి, విప్పండి, మళ్ళీ అడగండి. పేరు మార్చడం ఎందుకంటే, చివర చుక్క జీజెడ్ లేకపోతే జీజిప్ ఆ ఫైలుని ముట్టుకోదు, తెలియని పొడిగింపు అని వదిలేస్తుంది. బీజిప్2 అంత పట్టింపు పెట్టదు, విప్పి చివర అవుట్ అని తనే పేరు పెట్టేస్తుంది. ఎన్నో పొరలో ఉన్నామో కాగితం మీద రాసుకోండి. లేకపోతే ఒకే ఫైలుని రెండుసార్లు విప్పుతూ తిరుగుతారు.

ప్రోగ్రామింగ్ మాటేమిటి

ఇది బ్యాండిట్ నేర్పదు. ఈ ఆట మొత్తం ఆడినా పైథాన్‌లో పది వరసలు రాయడం రాదు. కానీ ప్రోగ్రామింగ్ అభ్యాసానికి దీనికన్నా మంచి లెక్కల పుస్తకం దొరకదు. పద్ధతి ఇది. ప్రతి లెవెల్‌నీ ముందు ఆదేశాలతో ఛేదించండి, ఆ తర్వాత అదే పని పైథాన్‌లో రాయండి. టెర్మక్స్‌లో పైథాన్ ప్యాకేజీ పెట్టుకోవచ్చు, ఫోన్‌లోనే నడుస్తుంది.

ఏడోది ఫైలు తెరిచి వరస వరసా చదివి ఒక మాట ఉందా అని చూడటం. లూప్, ఇఫ్ నేర్చుకున్న వారానికే రాయగలరు. ఎనిమిదోది డిక్షనరీలో ఏ వరస ఎన్నిసార్లొచ్చిందో లెక్కపెట్టడం. సార్ట్ అవసరమే పడదు, ఎందుకో ఆలోచించండి. పదకొండోదాంట్లో ప్రతి అక్షరాన్నీ 13 స్థానాలు జరిపారు. అక్షరాన్ని అంకెగా మార్చి, 13 కలిపి, 26తో భాగించిన శేషం తీసుకుని, మళ్ళీ అక్షరం చెయ్యాలి. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు విడివిడిగా చూడకపోతే చెత్త వస్తుంది, అంకెలని జరిపినా తప్పే. ఈ ఒక్క ప్రోగ్రాం తప్పుల్లేకుండా రాయగలిగితే క్యాంపస్ ఇంటర్వ్యూలో అడిగే స్ట్రింగ్ ప్రశ్నలు భయపెట్టవు.

పైథాన్ ఓనమాల కోసం హార్వర్డ్ వాళ్ళ సీఎస్50పి ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లీషు స్పష్టంగా ఉంటుంది, సబ్‌టైటిల్స్ పెట్టుకోవచ్చు. వీడియోలు పెద్దవి కాబట్టి నాణ్యత తగ్గించి చూడండి, కోడ్ చదవడానికి 480 చాలు. దాంట్లో మూడు నాలుగు వారాల పాఠాలు, బ్యాండిట్ మొదటి పన్నెండు లెవెళ్ళు పక్కపక్కన నడిపితే ఒకదానికొకటి తోడవుతాయి.

పదమూడు నుంచి ఇరవై నాలుగు

పదమూడులో పాస్‌వర్డు బదులు ప్రైవేట్ కీ, అంటే లాగిన్‌కి తాళంచెవిలా పనిచేసే ఫైలు ఇస్తారు. సర్వర్ లోపలినుంచే తర్వాతి యూజర్‌గా లాగిన్ అవ్వబోతే ఇప్పుడు ఒప్పుకోవడం లేదు, భారం ఎక్కువవుతోందని ఆపేశారు. పాత యూట్యూబ్ వీడియోలు చూసి అదే కొట్టేవాళ్ళు ఇక్కడ చిక్కుకుంటారు. కీని మన ఫోన్‌కో కంప్యూటర్‌కో తెచ్చుకోవాలి. తెచ్చాక దాని అనుమతులు 600కి తగ్గించాలి, అంటే యజమాని తప్ప ఎవరూ చదవకూడదు. లేకపోతే కీ బయటపడి ఉందని హెచ్చరించి ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని పక్కన పెట్టేస్తుంది. టెర్మక్స్‌లో ఆ ఫైలుని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంచి అనుమతులు మార్చే సీహెచ్‌మాడ్ ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు. ఫోన్ స్టోరేజ్ భాగంలో ఆ అనుమతుల పద్ధతి పనిచెయ్యదు. టెర్మక్స్ సొంత హోమ్‌లోకి జరిపి అప్పుడు కొట్టండి.

పద్నాలుగు నుంచి నెట్‌వర్క్ పాఠాలు. పోర్టు అంటే ఏమిటో పుస్తకంలో నాలుగు పేజీలు చదివినదానికన్నా, 30000 పోర్టుకి పాస్‌వర్డు పంపి జవాబు అందుకున్నప్పుడే బాగా అర్థమవుతుంది. పదహారులో 31000 నుంచి 32000 దాకా ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో ఎన్‌మ్యాప్‌తో వెతకాలి. దొరికిన పోర్టుకి, ఎన్‌క్రిప్ట్ అయిన కనెక్షన్ తెరిచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో పాస్‌వర్డు పంపితే కీ అప్‌డేట్ అనే మాట వచ్చి ఊరుకుంటుంది. సర్వర్ పాడైందేమో అనుకుంటారు. అసలు కారణం, ఆ ప్రోగ్రాంలో వరస మొదట్లో కే, క్యూ, ఆర్ లాంటి అక్షరాలొస్తే వాటిని పాస్‌వర్డుగా కాక తనకిచ్చిన ఆజ్ఞగా తీసుకుంటుంది. క్వయెట్ ఆప్షన్ పెడితే ఆ గోల పోతుంది. మ్యాన్ పేజీలో కనెక్టెడ్ కమాండ్స్ అన్న భాగంలో ఇదంతా రాసే ఉంది.

ఇక్కడొక హెచ్చరిక. ఎన్‌మ్యాప్ వచ్చింది కదా అని కాలేజీ వైఫై మీదో, ఊరి మీసేవ కంప్యూటర్ల మీదో ప్రయోగించకండి. అనుమతి లేకుండా ఒకరి కంప్యూటర్‌లోకి చొరబడితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సరదాకి చేశానంటే పోలీస్ స్టేషన్‌లో ఎవరూ వినరు. ఆటలో ఆ సర్వర్ మీద వాళ్ళు చెప్పిన పోర్టులకే అనుమతి ఉంది, అంతవరకే.

ఇరవై మూడులో మొదటిసారి సొంతంగా షెల్ స్క్రిప్ట్ రాయాలి. ఒక ఫోల్డర్‌లో మీ స్క్రిప్ట్ పెడితే, చెప్పిన వేళకి పనులు నడిపే క్రాన్ దాన్ని నిమిషానికోసారి నడిపి చెరిపేస్తుంది. కాపీ వేరే చోట ఉంచుకోకపోతే మళ్ళీ మొదటినుంచి రాయాల్సిందే. స్క్రిప్ట్ నడిచినా ఫలితం రాకపోతే రెండు చోట్ల చూడండి. స్క్రిప్ట్‌కి నడిచే అనుమతి ఇచ్చారా? జవాబు రాయమన్న మీ టెంప్ ఫోల్డర్‌లో ఇంకో యూజర్ రాయడానికి అనుమతి ఉందా? రెండోది మర్చిపోనివాళ్ళు అరుదు. మీ స్క్రిప్ట్ నడుస్తున్నది మీ పేరుతో కాదు, బ్యాండిట్24 పేరుతో. సైబర్ సెక్యూరిటీలో ఎవరి అనుమతితో ఏది నడుస్తోంది అన్న ప్రశ్నే చాలా దాడులకి మూలం. పంతొమ్మిదోదాంట్లోని సెట్‌యూఐడీ (నడిపినవాడి పేరుతో కాక ఫైలు యజమాని పేరుతో ప్రోగ్రాం నడవడం) పాఠం కూడా ఇదే సంగతి.

ఇరవై నాలుగులో 30002 పోర్టు దగ్గర ఒక కాపలా ప్రోగ్రాం పాస్‌వర్డుతో పాటు నాలుగంకెల పిన్ అడుగుతుంది. పిన్ తెలియదు. 0000 నుంచి 9999 దాకా పదివేలూ ప్రయత్నించాలి. ఒక్కో పిన్‌కి కొత్త కనెక్షన్ తెరిచి మూసేవాళ్ళు గంటలు గంటలు కూర్చుంటారు. పదివేల వరసలూ లూప్‌తో తయారుచేసి ఒకే కనెక్షన్‌లోకి పంపితే కొద్దిసేపట్లో అయిపోతుంది. లూప్‌లో సున్నా నుంచి 9999 అని మామూలుగా రాస్తే 7 అనే పిన్ 7గానే పోతుంది, 0007గా పోవాలి. నాలుగంకెలకి సున్నాలు నింపడం మర్చిపోయి, పిన్ వెయ్యి లోపు ఉంటే, ఎంతకీ దొరకదు. వచ్చిన జవాబుల్లో తప్పు అన్న మాట ఉన్న వరసలని గ్రెప్‌తో తీసేస్తే మిగిలేదే మనకి కావలసింది. దీన్ని బ్యాష్‌లో ఒకసారి, పైథాన్ సాకెట్‌తో ఒకసారి రాయండి. పాఠ్యపుస్తకంలో ఫర్ లూప్ ఎందుకో అర్థంకాని వాళ్ళకి ఇక్కడ అర్థమవుతుంది. ఏటీఎం మూడుసార్లు తప్పితే కార్డు ఎందుకు ఆపేస్తుందో కూడా.

ఇరవై ఐదు ఒక విచిత్రమైన లెవెల్. స్క్రీన్ చిన్నదైతేనే దారి తెరుచుకుంటుంది. ల్యాప్‌టాప్ వాళ్ళు కిటికీని నలిపి నలిపి నాలుగు వరసలకి తేవాలి. టెర్మక్స్‌లో రెండు వేళ్ళతో అక్షరాలు పెద్దవి చేసి, కీబోర్డు తెరిచి ఉంచితే సరి. ఫోన్ వాళ్ళు పైచెయ్యి సాధించే లెవెల్ ఇదొక్కటే.

ఇరవై ఏడు నుంచి ముప్పై ఒకటి దాకా గిట్, అంటే కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ (కమిట్) చరిత్రగా దాచిపెట్టే సాధనం. రహస్యం ఫైలులోంచి తీసేసి కొత్త కమిట్ పెట్టినా పాత చరిత్రలో అది అలాగే ఉంటుందని ఇక్కడ కళ్ళారా కనిపిస్తుంది. ఫైనలియర్ ప్రాజెక్టుని గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు డేటాబేస్ పాస్‌వర్డు కూడా ఎక్కించి, తర్వాత చెరిపేశాం కదా అనుకునే ప్రతి బ్యాచూ ఈ ఐదూ ఆడాలి.

లోపాలు

తక్కువేమీ కాదు. జవాబు దొరికాక అది ఎందుకు పనిచేసిందో ఎక్కడా వివరించరు. గుడ్డిగా కొట్టి గట్టెక్కినా ఆట ఊరుకుంటుంది. పేజీలన్నీ ఇంగ్లీషే, బ్రౌజర్ తెలుగు అనువాదం పెడితే ఆదేశాల పేర్లు కూడా మార్చేసి గందరగోళం చేస్తుంది. వాక్యాలు చిన్నవే కాబట్టి నేరుగా చదవడమే నయం. పాస్‌వర్డులని నిర్వాహకులు అప్పుడప్పుడూ మారుస్తారు. ఆర్నెల్లు ఆపి తిరిగొస్తే దాచుకున్నది పనిచెయ్యకపోవచ్చు. అందుకే పాస్‌వర్డుతో పాటు ఆ లెవెల్ ఏ ఆదేశంతో దాటారో కూడా రాసి ఉంచుకోండి, పాతికో లెవెల్ దాకా గంటలో తిరిగి రావచ్చు. టెంప్‌లో పెట్టిన ఫైళ్ళు ఎప్పుడైనా పోవచ్చు. సర్వర్‌ని ప్రపంచమంతా వాడుతుంది కాబట్టి కొన్నిసార్లు నెమ్మదిస్తుంది.

సర్టిఫికెట్ ఇవ్వరు. ప్లేస్‌మెంట్‌కి ఏం చూపించాలి అని అడిగేవాళ్ళకి ఇది పెద్ద లోటే. జవాబులు బయటపెట్టవద్దని వాళ్ళ నియమం, కాబట్టి పరిష్కారాలతో బ్లాగు పెట్టడం కూడా సరికాదు. ఈ సమీక్షలోనూ ఎక్కడ ఇరుక్కుంటారో రాశాం గానీ పాస్‌వర్డులు రాయలేదు. రెజ్యూమెలో ఒక వరస రాసుకోండి, ఇంటర్వ్యూలో సెట్‌యూఐడీ అంటే ఏమిటని అడిగినప్పుడు చెప్పే జవాబే సర్టిఫికెట్ పని చేస్తుంది. యూట్యూబ్‌లో జవాబులన్నీ దొరుకుతాయి, నిజమే. గంటసేపు కదలకపోతే ఒక సూచన కోసం చూడండి, ఆదేశం కనపడగానే వీడియో ఆపేసి మ్యాన్ పేజీకి పొండి.

ఇలాంటివి వేరేవి లేవా అంటే ఉన్నాయి. ట్రైహ్యాక్‌మీ అనే సైట్ పాఠం చెప్పి మరీ ప్రశ్న అడుగుతుంది, చెయ్యిపట్టి నడిపించేవాళ్ళు కావాలనుకుంటే అదే సుఖం. అయితే ఉచిత ఖాతాకి వాళ్ళ మెషిన్ వాడే సమయం పరిమితం, గదులు అని వాళ్ళు పిలిచే పాఠాల్లో చాలా డబ్బులు కడితే గానీ తెరుచుకోవు, బ్రౌజర్‌లో నడిచే డెస్క్‌టాప్ చిన్న నెట్‌కి భారం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళ పికోసీటీఎఫ్ స్కూలు పిల్లలకి కూడా అందుతుంది, బ్రౌజర్‌లోనే టెర్మినల్ ఇస్తారు కాబట్టి కాలేజీ వైఫై అడ్డు పెట్టినచోట అది దారి. తొమ్మిది, పది చదివే పిల్లలకైతే బ్యాండిట్ కన్నా అదే ముందు.

మా మార్కులు: మొదటి పన్నెండు లెవెళ్ళకి ఐదుకి ఐదు, ఇరవై నాలుగు దాకా నాలుగున్నర, ఆపైన మూడున్నర. రోజుకి గంట పెట్టగలిగితే పన్నెండుకి రెండు మూడు వారాలు, ఇరవై నాలుగుకి ఇంకో నెల. ముప్పై మూడు చేరేదాకా పట్టుబట్టి కూర్చోనక్కర్లేదు. ఇరవై నాలుగు అయ్యాక ఓవర్‌దవైర్ వాళ్ళదే నటాస్ తెరవండి. అది వెబ్‌సైట్ల మీద ఆట, లాగిన్‌కి బ్రౌజరొక్కటే చాలు. మొదటి రెండు మూడు లెవెళ్ళకి పేజీ సోర్స్ చూడాలి, ఫోన్ బ్రౌజర్‌లో అది కుదరకపోతే చిరునామా ముందు వ్యూ-సోర్స్ అని తగిలించి చూడండి. అది కూడా పనిచెయ్యని బ్రౌజరైతే, అప్పుడు స్నేహితుడి ల్యాప్‌టాప్ అడగాల్సిందే.